యూనిట్‌కు ఐదు కిలోమీటర్లు

మధ్యాహ్నం ఒంటిగంటకు అరవై రెండు శాతం చార్జింగుతో నిలబెట్టి, తాళం వేసి వెళ్ళిన బండిలో సాయంత్రం ఆరుకు యాభై ఆరే మిగిలింది. తిరిగిన కిలోమీటర్ల అంకె మాత్రం ఒక్కటి కూడా కదల్లేదు.

స్టీరింగ్ ముందు కూర్చుని ఆ రెండు అంకెల్నీ మూడుసార్లు చూశాను. పెట్రోలు బండైతే దిగి ట్యాంకు కింద చెయ్యి పెట్టేవాణ్ణి. పైపు కారుతోందో, ఎవరైనా గొట్టం వేసి లాగారో తెలిసేది. కరెంటును ఎవరు లాగుతారు? లాగి ఎందులో పోసుకుంటారు?

"పొయ్యిందా మళ్ళ?"

వెనక బాపు నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, చేతిలో సుద్దముక్క.

"పోయింది."

"ఎంత?"

"ఆరు."

"కోటి రూపాయలు పెట్టి కుండ తెచ్చినవ్. అడుగున చిల్లి" అని బాపు పడమటి గోడ దగ్గరికి నడిచాడు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం అది. హైదరాబాద్ పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో మా ఇల్లు. బాపు పేరు వైకుంఠం, అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. వట్టివేళ్ళు, కుంకుడుకాయలు, సాంబ్రాణి టోకున అమ్మే దుకాణం మాది. అందులో అన్నిటికీ ఖాతా పుస్తకాలున్నాయి గానీ, బండ్ల లెక్క మాత్రం ఎప్పుడూ గోడ మీదే. స్కూటరు, ముప్పై ఎనిమిది. మెటాడోర్, తొమ్మిది. మారుతి వ్యాను, పధ్నాలుగు. ఇన్నోవా, పన్నెండు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లో ఆ అంకె. నడుస్తున్నన్నాళ్ళూ సుద్దతో, బండి అమ్మిన రోజున తెల్ల పెయింటుతో రాసేవాడు. చిన్నప్పుడు ఆయన స్కూటరు ముందు నిలబడి పెట్రోలు బంకుకు పోయిన రోజులు నాకింకా గుర్తే. ట్యాంకు మెడ దాకా పోయించి, స్కూటరును ఇటూ అటూ ఊపి, గాలి బుడగ పోయాక ఇంకో నాలుగు చుక్కలు పోయించేవాడు. బంకువాడు విసుక్కుంటే "కాంటా ముల్లు నిలవడనియ్యి బేటా" అనేవాడు. ఆ పెట్రోలు వాసన, ఆయన లాల్చీకి అంటుకున్న వట్టివేళ్ళ వాసన కలిస్తే నాకు బాపు.

ఈ కొత్త బండిని ఉగాది రోజున తెచ్చాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. పొగగొట్టం కోసం వంగి వెతికాడు.

"లీటరుకెంత?"

"దీనికి లీటర్లు లేవు బాపూ."

"మరి దేనిమీద నడుస్తది, గాలి మీదనా?"

"యూనిట్ల మీద."

"యూనిట్‌కెంత?"

"ఐదు."

"ఐదంటే ఐదేనా? రేపు నాలుగున్నర అంటవా?"

"ఐదే."

"మంచిది. మృగశిర కార్తె దాకా చూస్త. ఐదు రాకుంటే అమ్ముడే" అన్నాడు. ఆదిబట్లలో నా పేర ఉన్న ప్లాటు అమ్మి కొన్న బండి అది. అయినా ఆయన మాటకు నేను ఎదురు చెప్పలేదు. ఆ ఇంట్లో ముప్పై ఐదేళ్ళుగా అన్నీ బాపు నిర్ణయాలే. నేను సొంతంగా చేసిన మొదటి పని ఈ బండి. పెద్ద హోటళ్ళకు వట్టివేళ్ళ నూనె సరఫరా చెయ్యాలని నా ఆశ. వాళ్ళ పోర్టికోల్లో తలుపు ఊడిపోతున్న ఇన్నోవా దిగి నిలబడలేకపోయాను. బండి పోతే ఆ ఆశా, ఇంట్లో నా మాటా రెండూ పోతాయి.

బండి ఇంట్లోకి రావడానికి నేను ఇంకో పని కూడా చేశాను. దాలాన్ పడగొట్టించాను.

వీధి తలుపు తియ్యగానే ఉండేది దాలాన్. రెండు సున్నపు స్తంభాలు, నల్ల రాతి అరుగు, ముందర వట్టివేళ్ళ తడక. ఉగాది నుంచి మృగశిర దాకా అమ్మ ఆ తడక మీద గంటకోసారి చెంబుతో నీళ్ళు చల్లేది. బయట నలభై రెండు డిగ్రీలు కాలుతుంటే లోపల తడి మట్టి వాసనతో చల్లటి గాలి వచ్చేది. మధ్యాహ్నం రెండు కాగానే అరుగు మీదికి వహీద్ చాచా వచ్చేవాడు. లాడ్ బజార్‌లో నలభై ఏళ్ళు గడియారాలు బాగు చేసిన మనిషి. ఆరడుగుల పైన ఎత్తు. చిన్న చిన్న పళ్ళచక్రాలు చూసీ చూసీ కళ్ళు పోయాయి, తర్వాత మోకాళ్ళు పోయాయి. మా వెనక గల్లీలో రేకుల గదిలో ఒక్కడే ఉంటాడు. బాపూ ఆయనా అరుగు మీద కూర్చుంటే అమ్మ రెండు స్టీలు గ్లాసుల్లో సుగంధి షర్బత్ ఇచ్చేది. ఆయన తెచ్చిన ఉర్దూ పేపరు సాయంత్రానికి మా దుకాణం చేరేది, కుంకుడుకాయలు పొట్లాలు కట్టడానికి. నా పుట్టుకకు ముందు నుంచీ అదే వరస.

కూలీలు అరుగు పెకలిస్తున్న రోజున కూడా చాచా రెండింటికి వచ్చాడు. దుమ్ములో కాసేపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"కౌన్, నిఖిల్? క్యా హోరా బేటా?"

"కొత్త బండి వస్తోంది చాచా. నిలబెట్టడానికి జాగా."

"అచ్ఛా. ముబారక్, ముబారక్" అని కర్రతో నేల తడుముకుంటూ వెనక్కు తిరిగాడు. చంకలో ఆనాటి పేపరు మడత అలాగే ఉంది. అంత మాత్రమే చూశాను. నా దృష్టంతా స్తంభాల మధ్య వెడల్పు మీద ఉంది.

బాపు అడ్డు చెప్పలేదు. "పడమటి గోడ ఉంచు" అన్నాడు, అంతే.

*

మొదటి రెండు వారాలు బండి మాట నిలబెట్టుకుంది. పొద్దున ఏడింటికి మా డ్రైవరు కొండల్ బండి తీసేవాడు. శంషాబాద్ అవతల మా గోడౌన్‌కు పోయి రావడం నలభై కిలోమీటర్లు. ఒంటిగంటకు బండి ఇల్లు చేరేది. నేను అన్నం తిని స్కూటీ మీద దుకాణానికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వచ్చి చార్జింగు పెట్టేవాణ్ణి. బాపు ఆ చార్జింగు డబ్బాకు విడిగా మీటరు పెట్టించాడు. నలభై కిలోమీటర్లకు ఎనిమిది యూనిట్లు. గోడ మీద ఐదు.

ఏప్రిల్ మూడో వారంలో అది తిరగబడింది. బండి స్క్రీన్ మీద నడకకు ఐదు పాయింట్ ఒకటి అని చూపిస్తూనే ఉంది. గోడకున్న మీటరు మాత్రం రోజుకు పదమూడు, పదమూడున్నర యూనిట్లు ఎక్కిందంటోంది. భాగిస్తే మూడు.

"తెర మాట నమ్ముతవా, కాంటా మాట నమ్ముతవా?" అన్నాడు బాపు.

"మూడు వచ్చినా తప్పేముంది బాపూ? డీజిల్ బండికి కిలోమీటరుకు ఎనిమిది రూపాయలయ్యేది. దీనికి మూడు కూడా కావట్లేదు."

"ధర గాదురా. ఐదు కిలోలని చెప్పి మూడు తూచినవ్. గిరాకి ఊకుంటడా?"

"ఎక్కడో ఏదో లోపం ఉంది. పట్టుకుంటా."

"పట్టుకో. ఒక్క టైరు ముప్పై ఐదు వేలంట గదా. ఆ పైసలతోని నేను ఆ కాలంల దుకాణమే పెట్టిన." లోపలికి పోతూ అమ్మతో అన్న మాట కూడా నాకు వినబడేలాగే అన్నాడు. "నాగమణీ, నీ కొడుకు బండికి పాలు పడ్తలేవంట. గంజి పొయ్యి."

అమ్మ నవ్వలేదు. ఆ రోజుల్లో అమ్మ నా ముఖం చూసి మాట్లాడటం తగ్గించింది. అదీ నాకు తర్వాతే తట్టింది.

కంపెనీకి ఫోన్ చేస్తే సాగర్ అనే ఇంజినీరు కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. బండికి వైరు తగిలించి పావుగంట చూశాడు. బాపు గోడ దగ్గర మూడు అంకె రాస్తూ, ఓ చెవి ఇటు పెట్టి ఉన్నాడు.

"బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాడు సాగర్. "బండి నిలబెట్టినప్పుడు లోపల ఎవరో ఏసీ వేసుకుని కూర్చుంటున్నారు. చూడండి, రెండింటికి ఆన్, ఐదింటికి ఆఫ్. రోజూ అంతే."

"రోజూనా?"

"శుక్రవారం తప్ప."

బాపు గోడ వైపు తిరిగే అడిగాడు. "ఇంజిన్ చాలూ గాకుంటే ఖర్చెట్లయితది బాబూ?"

"ఇందులో ఇంజినే లేదు పెద్దాయనా. చప్పుడు రాదు కాబట్టి చాలామంది ఊరికే నడుస్తోందనుకుంటారు. ఈ ఎండకు ఏసీ గంటకు రెండు యూనిట్ల దాకా తాగుతుంది."

"రేడియో తీరుగ?"

"రేడియో చెంచాడు నీళ్ళయితే ఇది బిందెడు."

టక్‌మని చిన్న చప్పుడైంది. సుద్దముక్క విరిగింది. బాపు ఆ రెండు ముక్కలూ ఏరి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మూడు అంకె సగంలోనే ఆగిపోయింది. సుద్ద విరిగింది కదా, రేపు రాస్తాడులే అనుకున్నాను.

*

తాళం కార్డులు మూడు. ఒకటి నా పర్సులో. ఒకటి కొండల్ దగ్గర. మూడోది బీరువాలో, బాపు పట్టుబట్టల కింద.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్య తనూజతో లెక్క వేశాను. తను సైదాబాద్ పిల్ల, వాళ్ళ నాన్నది గుంటూరు, ఏజీ ఆఫీసు ఉద్యోగం. ప్రతిదానికీ రుజువు అడిగే ఇల్లు.

"శుక్రవారం దుకాణం బంద్. ఆ రోజు కొండల్‌కు సెలవు. శుక్రవారం బ్యాటరీ పడట్లేదు" అన్నాను.

"శుక్రవారం మీరు కూడా ఇంట్లోనే ఉంటారు. అయితే మీరు దొంగా?"

"పక్క సీటు చివరి దాకా వెనక్కి జరిపి ఉంటోంది. పొడుగు మనిషి పని. కొండల్ పొడుగు."

"ఊళ్ళో పొడుగువాళ్ళందరినీ పిలిపించండి."

"సీటు కింద ఉర్దూ పేపరు ముక్క దొరికింది. మన దుకాణం పొట్లాల కాగితం. వాడే మిర్చీబజ్జీలు కట్టించుకుని వచ్చి ఉంటాడు."

"నూనె మరక ఉందా దాని మీద?"

నేను చూడలేదు. మరక ఉండేదైతే తోలు సీటు కూడా జిడ్డయ్యేది కదా అని ఆమె అడుగుతుండగానే లేచి చెయ్యి కడుక్కున్నాను. బాపు ఉర్దూ మీడియంలో చదివాడు. ఆయన కొడుకునైన నాకు ఆ అక్షరాల్లో తేదీ కూడా చదవడం రాదు. వచ్చి ఉంటే, అది పొట్లాల పాత కాగితం కాదు, ఆనాటి పేపరేనని తెలిసి ఆ కథ ఆ రాత్రే అయిపోయేది.

మే చివరి వారంలో, మంగళవారం మూడింటికి, చెప్పకుండా దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. గల్లీలో కుక్క కూడా లేదు. వీధి తలుపుకు లోపలి నుంచి గడియ. కొట్టాను. మళ్ళీ కొట్టాను. లోపల ఏదో ఈడ్చిన చప్పుడు, గుసగుస. ఐదు నిమిషాలకు అమ్మ తలుపు తీసింది.

"గింత ఎండల ఎందుకొచ్చినవ్ రా?"

"ఏమి చేస్తున్నావ్ ఇంతసేపు?"

"కన్ను మూతవడ్డది."

"బాపు?"

"పండుకున్నడు. లొల్లి చెయ్యకు."

బండి ఖాళీగా ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ముందు అద్దం మీద చెయ్యి పెట్టాను. కుండలా చల్లగా ఉంది. వంగి చూస్తే కింద నేల మీద నీళ్ళు, ఇంకా ఒక్కో చుక్క రాలుతోంది. ఏసీ నీళ్ళు. అరుగు ఉన్న చోటనే, తడక నీళ్ళు కారిన చోటనే మడుగు కట్టింది.

వెనక గుమ్మంలో కొండల్ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి బకెట్టు దించాడు. మళ్ళీ ఎత్తాడు. నాకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

*

మర్నాడు గోడౌన్ నుంచి వస్తూ ఆరాంఘర్ దగ్గర బండి పక్కకు ఆపించాను.

"కొండల్, మధ్యాహ్నం బండిలో ఎవరు పడుకుంటున్నారు?"

"నేనైతే పండుకుంటలేను అన్నా."

"మరి ఎవరు?"

కొండల్ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకే చూశాడు. మెటాడోర్ చివరి రోజుల్లో వచ్చాడు మా దగ్గరికి. పందొమ్మిదేళ్ళయింది. నా పెళ్ళిలో బండి నడిపింది అతనే.

"నీకు తెలుసు. చెప్పు."

"నాదైతే చెప్దును. నాది గాని మాట నేనెట్ల చెప్త?"

"నీది కాకపోతే ఎవరిదో చెప్పు. చెప్పకపోతే నీదే అనుకోవాలి."

"అనుకో అన్నా." కోపం లేదు ఆ గొంతులో. నా వైపు తిరిగి అడిగాడు. "ఇన్నోవాల డీజిల్ ఎన్నడన్న తక్కువైందా?"

"లేదు."

"బస్, అంతే."

ఇంటికి వచ్చాక బండి తుడిచాడు. కార్డు తీసి చార్జింగు డబ్బా మీద పెట్టాడు. చెప్పులేసుకుంటూ అన్నాడు. "టైర్లల్ల గాలి సోమారం సోమారం చూడాలె. గాలి తగ్గితే యూనిట్లు ఎక్కువ తాగుతది. మర్చిపోకు."

మాదన్నపేట ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆరు శాతం పడటం ఆగిపోయింది. ఒకరోజు కాదు, పది రోజులు. ఒంటిగంటకు ఎంత ఉంటే ఆరింటికీ అంతే. తనూజ ముందు ఆ అంకెలు చదివి వినిపించాను. బాపు మాత్రం గోడ దగ్గరికి రావడం మానేశాడు. మధ్యాహ్నాలు లోపలి గదిలో ఫ్యాను కింద కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. అమ్మ ఒక గ్లాసు షర్బత్ పెడితే అది సగం అలాగే ఉండేది.

"బాపూ, ఐదు వస్తోంది. రాసుకో" అన్నాను ఒకనాడు.

"సుద్ద లేదు" అన్నాడు.

ఆ పది రోజుల్లో రెండుసార్లు చౌక్ మసీదు మీదుగా స్కూటీ మీద పోతూ వహీద్ చాచాను చూశాను. నీడలో రాతి మెట్ల మీద కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. చంకలో పేపరు మడత. సలామ్ చెప్పాలనుకున్నాను. సిగ్నల్ పడింది, వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఆ బండి గల్లీ బయట అద్దెకు తీసుకున్న షెడ్డులో ఉంటుంది. కొండలే చార్జింగు పెడతాడు, కొండలే గాలి చూస్తాడు. ఇంటి ముందర మళ్ళీ దాలాన్ కట్టించాను. స్తంభాలు ఈసారి సిమెంటువి, అరుగు కడప రాయి. పాత అరుగుకు యాభై ఏళ్ళు మనుషులు కూర్చుని వచ్చిన నునుపు దీనికి రాలేదు, రావడానికి ఇంకా చాలా ఎండాకాలాలు పడతాయి. తడక మాత్రం మా దుకాణం వట్టివేళ్ళే. తనూజ నీళ్ళు చల్లుతుంది. అదంతా మృగశిర రోజు పొద్దున బాపు నాతో మాట్లాడిన ఐదు నిమిషాల వల్ల.

ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది. బాపు బండి మీద తీర్పు చెప్పాల్సిన రోజు. నేను ఉగాది నుంచి లెక్కంతా కాగితం మీద వేసి పెట్టుకున్నాను. బాపు స్నానం చేసి ఉతికిన లాల్చీ వేసుకుని వచ్చి, గోడ వైపు చూడకుండా బండి ముందు సీట్లో కూర్చున్నాడు. అది వెనక్కి జరిపి లేదు. నేను సరిచేసి పెట్టాను. ఆయన చెయ్యి అలవాటుగా సీటు పక్కన మీట మీదికి పోయి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

"మాదన్నపేటకు నడువు."

"మృగశిర చేపలకా? మార్కెట్లో ఇవాళ కాలు పెట్టనివ్వరు."

"నడువు."

దారంతా పురానాపూల్ మార్కెట్ నుంచి చేపలు తెచ్చుకునేవాళ్ళు, సంచులు, ఆటోలు. కూరగాయల మార్కెట్ వెనక సందులోకి తిరిగాక ఒక వేపచెట్టు కింద ఆపమన్నాడు. ఎదురుగా నీలం తలుపు. కొండల్ ఇల్లు. తలుపు దగ్గర అతని చెప్పులున్నాయి.

"ఇక్కడికెందుకు బాపూ? వాడు తప్పు ఒప్పుకుంటే..."

బాపు చెయ్యి ఎత్తాడు. ఆగాను.

"ముందుగాల ఏసీ బంద్ చెయ్యి. అద్దాలు దించు" అన్నాడు. దించాను. ఉల్లిపాయల వాసన, మార్కెట్ అరుపులు లోపలికి వచ్చాయి. ఆయన ఎదురుగా తలుపు వైపే చూస్తూ మాట్లాడాడు.

"నడిమిట్ల మాట్లాడకు, మళ్ళ నాకు నోరు రాదు. ఆ ఆరు శాతం కొండల్ తాగలే. నేను తాగిన. నేను, వహీద్. దాలాన్ పడగొట్టిన తెల్లారి నుంచి వహీద్ రాలే. రెండు వారాలు చూసిన. పోయి చూస్తే రేకుల కింద తడి తువ్వాల నెత్తినేసుకొని పండుకోనున్నడు. మా ఇంట్లకు రా మియా అన్న. మిద్దె మీది గదికి మెట్లెక్కలేనన్నడు. ఎక్కనొచ్చినా రాడు, ఆడోళ్ళు తిరిగే గదులల్లకు ఆయన యాభై ఏండ్లల్ల ఒక్కనాడు రాలే. దాలానే మా ఇద్దరి ఇల్లు. దాని జాగల బండున్నది. మరి బండ్లనే కూసుందామన్న. కొత్త బండి నాకు సమజైతలేదు, తోడుండు అని తోల్కొచ్చిన. కాళ్ళు సాపుకోనీకి సీటు ఎన్కకు జరిపిన. పేపరు నేను చదువుత, ఆయన వింటడు. నా జవానీల ఆయన చదివెటోడు, నేను వినెటోణ్ణి. ఇప్పుడు నా వంతు. చప్పుడు లేదు, పొగ లేదు, దీనికి ఖర్చేందని అనుకున్న. బంద్ పడ్డ బండి పెట్రోలు తాగుడు నేనెన్నడన్న చూసిననా? రోజు మూడు గంటలు నేనే తాగి, సాయంత్రం నేనే వచ్చి గోడ మీద మూడు రాసి నిన్ను తిట్టిన. ఆ లాప్‌టాప్ పిలగాడు చెప్పిన నాడు ఎరుకైంది. ఆ నాడే చెప్పాలె. చెప్తే నువ్వేమంటవు, కూసో బాపూ అంటవు. గదే భయం. యూనిట్లు లెక్కవెడ్తున్నరని వహీద్ చెవిల పడ్తే మళ్ళ మన గడప తొక్కడు. ఇంకోటి, ఎందుకు బండ్ల కూసున్నవని నువ్వడిగితే దాలాన్ లేదని చెప్పాలె. పడగొట్టింది నువ్వు. ఆ మాట నా నోట్ల నుంచి రావద్దనుకున్న. నువ్వు తలుపు కొట్టిన నాడు ఆయనను బియ్యం అర్రల బస్తా మీద కూసోవెట్టి, ఇన్‌కమ్ టాక్సోళ్ళొచ్చిన్రు, మాట్లాడకన్న. అర్ధగంట ఊపిరి బిగవట్టుకొని కూసున్నడు పాపం. కొండల్‌తోని ఏసీ పెట్టుడు నేర్చుకున్నది నేను. ఎవరికి చెప్పకని ఒట్టు వేయించుకున్నది నేను. వాడు ఒట్టు మీద నిలవడ్డడు. నేను నిలవడలే. పది దినాలు రోజు పొద్దుగాల నీకు చెప్దామని లేచిన, చాయ్ తాగిన, ఊకున్న. ఇగ నడువు, లోపటికి పోయి ఇదే మాట వాని ముందట చెప్త, నువ్వు పక్కన నిలవడు. ఇంటికి వొయినంక గోడ మీద ఐదని రాయి. నువ్వు చెప్పిన తూకం సరిగ్గనే ఉన్నది. తక్కువ తూచింది నేను."